పిత్తనాళం స్ట్రిక్చర్ (ఇరుకైన చోటు) దాటడానికి 0.025 అంగుళాల గైడ్‌వైరా, 0.035 వైరా?

గ్యాస్ట్రో_వరంగల్:
నిన్న ఈఆర్‌సీపీలో (నోటి గుండా ఎండోస్కోప్ పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) హైలార్ స్ట్రిక్చర్ కేసు, అంటే కాలేయం నుంచి కుడి, ఎడమ నాళాలు కలిసే చోట ఇరుకు. కామెర్లు ముదిరి బిలిరుబిన్ 18. 0.035 వైరుతో నలభై నిమిషాలు కుస్తీ పట్టాం. ఎడమ నాళంలోకి పోనే పోదు, కొన మడత పడి వెనక్కి వచ్చేస్తోంది. 0.025 యాంగిల్డ్ టిప్ విప్పాం, రెండు తిప్పులకే దూరింది. ఇంకా 0.035 ఎందుకు కొంటున్నారో ఎవరైనా చెప్పండి.

పాతకాపు:
నేను చెబుతా. వైరు దూరడంతోనే పని అయిపోతే మీరన్నది నిజం. కానీ దాని మీదుగా ఇరుకును సాగదీసే డైలేటర్ పోవాలి, 10 ఫ్రెంచ్ (లావు కొలత) స్టెంట్ గొట్టం పోవాలి. గట్టి స్ట్రిక్చర్ దగ్గర స్టెంటు నెట్టగానే సన్న వైరు విల్లులా వంగి డుయోడెనంలో (చిన్నపేగు మొదట్లో) చుట్ట చుట్టుకుంటుంది. అప్పుడు మొత్తం మళ్లీ మొదటికి. నేను సన్నదానితో దాటి, కాథెటర్ ఎక్కించి, లావుది మార్చుకుంటా. 22 ఏళ్లుగా ఇదే పద్ధతి.

గ్యాస్ట్రో_వరంగల్:
22 ఏళ్లు ఎవిడెన్స్ కాదు సార్. ఇప్పటి 0.025ల్లో నిటినాల్ లోహపు కోర్ గట్టిది, స్టెంటు బాగానే మోస్తుంది. లావు తేడా ఎంత? పావు మిల్లీమీటరు!

డీఎం_రెండో_ఏడు:
ట్రయల్స్‌లో కాన్యులేషన్ (నాళంలోకి దూరడం) రేటులోగానీ, తర్వాత వచ్చే పాంక్రియాటైటిస్‌లోగానీ (క్లోమం వాపు) రెంటికీ పెద్ద తేడా కనబడలేదు కదా?

గ్యాస్ట్రో_వరంగల్:
అది పాపిల్లాలోకి, అంటే నాళం పేగులోకి తెరుచుకునే చోట దూరడం గురించి. నేనడిగింది స్ట్రిక్చర్ దాటడం గురించి. లివర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత నాళం కుట్టు దగ్గర పడే స్ట్రిక్చర్ ఒకటి 0.035తో దాటించి చూడు తమ్ముడూ, అప్పుడు మాట్లాడదాం.

పాతకాపు:
పావు మిల్లీమీటరే అయితే అది ఎలా దూరింది, ఇది ఎందుకు దూరలేదు? ఏదో ఒక మాట మీద నిలబడండి.

నాన్న_ఆరోగ్యం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి రెండుసార్లు ఈఆర్‌సీపీ చేశారు. బిల్లులో గైడ్‌వైరు విడిగా వేశారు. కొత్తది వాడారో లేదో మాకెలా తెలుస్తుంది?

పాతకాపు:
అది వేరే టాపిక్. వేరే థ్రెడ్ పెట్టుకోండి.

ఎండోరూమ్_టెక్:
వేరే టాపిక్ ఏం కాదు సార్. వరంగల్ డాక్టరు గారూ, మీ 0.035 కొత్త ప్యాకెట్టా, ఒకసారి వాడి ఈటీఓ (గ్యాస్‌తో స్టెరిలైజ్) చేసి వచ్చిందా? సెలైన్‌లో తడిపిన కొత్త వైరు కొన వేళ్ల మధ్య నుంచి చేపపిల్లలా జారుతుంది. వాడినదైతే గాజుగుడ్డతో తుడిచేటప్పుడే తెలిసిపోతుంది, కోటింగ్ లేచిన చోట దారం తగులుకుంటుంది. ప్యాకెట్ మీద ఎన్నోసారిదో చెప్పే, గీత కొట్టిన 2 అంకె ఊరికే వేయరు. నేను మునుపు పనిచేసిన చోట వైరు దూరకపోతే డాక్టరు గారి తిట్లు నాకే. "నీకు తిప్పడం రాదు" అని పేషెంటు ముందే. వైరు నాలుగోసారిదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

గ్యాస్ట్రో_వరంగల్:
మా టెక్నీషియన్‌ని అడిగా. 0.035 మూడోసారిదట. 0.025 కొత్తది. అయినా నా అభిప్రాయం మారదు.

డీఎం_రెండో_ఏడు:
😶

పాతకాపు:
అంటే కొత్త కత్తికీ మొద్దు కత్తికీ పోటీ పెట్టి తీర్పు చెప్పారన్నమాట! మళ్లీ నాకు ఎవిడెన్స్ పాఠాలు.

గ్యాస్ట్రో_వరంగల్:
మీరు రీయూజ్ చేయరా సార్? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

పాతకాపు:
చేస్తాను, దాచేదేముంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ప్రతి కేసుకీ కొత్త వైరంటే డబ్బు ఎవరిస్తారు, మీరా? వంకర లేకుండా, కోటింగ్ చూసుకుని వాడితే ఏమీ కాదు. ఈ కొత్త ప్యాకెట్ల పట్టుదలతో చిన్న ఊళ్లలో ఈఆర్‌సీపీయే మూతబడుతుంది. కామెర్లతో వచ్చినవాణ్ణి హైదరాబాద్ పంపాలా?

ఎండోరూమ్_టెక్:
రీయూజ్ చేస్తే చేశామని రాయండి సార్. మా మీద వేయకండి. అంతే.

నాన్న_ఆరోగ్యం:
బిల్లులు తీసి చూశా. రెండుసార్లూ "గైడ్‌వైర్ - 1" అని ఫుల్ రేటే ఉంది. మాది ప్యాకేజీ కూడా కాదు, చేతి డబ్బు.

ఎండోరూమ్_టెక్:
కొత్తది విప్పితే ప్యాకెట్ మీది లాట్ నంబరు స్టిక్కరు కేస్ షీట్‌లో అంటించడం మా దగ్గర అలవాటు. అడిగి చూడండి అన్నా.

నాన్న_ఆరోగ్యం:
అడిగాను. డిశ్చార్జ్ సమ్మరీ ఉందిగా, ఇంకేం కావాలి అన్నారు.

పాతకాపు:
10 ఫ్రెంచ్ స్టెంట్ సంగతికి మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.