అప్‌డేట్: అడ్డంకి ముందు ఆగిపోయే కుర్ర గుర్రం

అడ్డంకి దగ్గరకు రాగానే ఉన్నట్టుండి ఆగిపోయే, లేదా పక్కకు తప్పుకునే నా ఐదేళ్ల ఆడగుర్రం గురించి ఇదివరకు అడిగాను. ముందు నొప్పి ఉందేమో చూపించి, ఆపై నేలమీది కర్రలతో మళ్లీ మొదలుపెట్టమన్నారు. పళ్లలోగానీ వీపులోగానీ నొప్పి లేదని పశువైద్యులు తేల్చారు. సుమారు 1.3 మీటర్ల ఎడంతో పరిచిన కర్రలపై అది మెడ దించి, వీపు సడలించి ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్యస్థమైన దుడుకు నడక) చేయడం అలవాటయ్యాకే, చివర చిన్న క్రాస్ కర్రలనూ (X ఆకారంలో పెట్టే తక్కువ ఎత్తు అడ్డంకి), వాటికి దాదాపు 2.5 మీటర్ల ముందు నేలపై మరో కర్రనూ పెట్టాను. ఎక్కడ లేవాలో ఆ కర్రే చెబుతోంది కనుక నేను కళ్లెం బిగించే పని తప్పింది. దూకేటప్పుడు జూలు పట్టుకోమన్న సలహా చిన్నదే అయినా, నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది: నోటికి కుదుపు తగలకపోవడంతో, దిగాక తల ఎగరేయడం మానేసింది. అడ్డంకి కింద నిలిపే రంగు పలకలను చూస్తే మాత్రం ఇంకా చెవులు నిక్కించి బుసకొడుతుంది. వాటిని ఇరుపక్కలా దూరంగా నిలిపి, మధ్యగా నడిపిస్తూ, క్రమంగా దగ్గరకు జరుపుతున్నాను.