కొండ యుక్కా పూలలో కనిపించే చిన్న తెల్ల చిమ్మట

ప్రశ్న:
హైదరాబాదులో మా ఇంటి ముందున్న యుక్కా (కత్తుల్లాంటి ఆకులుండే అలంకరణ మొక్క) ఏటా గుత్తులుగా పూస్తుంది గాని ఒక్క కాయ కూడా కాయదు. గత మే నెలలో కాలిఫోర్నియాలోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, సియెర్రా నెవాడా పర్వతాల దక్షిణ భాగపు వాలుల్లో మనిషికి రెండింతల ఎత్తున పూల కాడ వేసిన యుక్కాను చూశాను. దాని పూలలో పట్టపగలే, రెక్కల మీద నల్లని చుక్కలున్న చిన్న తెల్ల చిమ్మటలు తిరుగుతున్నాయి. పక్కనే ఎండిపోయిన నిరుటి కాడకు నిండా కాయలున్నాయి. ఆ చిమ్మటలకూ ఈ కాయలకూ సంబంధం ఉన్నదా?

మొదటి జవాబు:
ఉందండీ. మీరు కొండవాలులో చూసిన మొక్క హెస్పెరోయుక్కా విప్లీ. మీరు చూసిన చిమ్మట టెగెటిక్యులా మాక్యులేటా అయి ఉండాలి. యుక్కా పుప్పొడి జిగురుగా ఉండి గాలికి ఎగరదు. ఆడ చిమ్మట నోటి దగ్గర మెలి తిరిగిన రెండు పొడవాటి అవయవాలు ఉంటాయి, మగదానికి అవి ఉండవు. వాటితో పుప్పొడిని గీరి, ఉండగా చేసి, తల కింద అదిమి పట్టుకొని వేరొక మొక్క పూల దగ్గరికి వెళ్తుంది. అక్కడ అండాశయంలో గుడ్డు పెట్టి, ఆ పుప్పొడిని తానే కీలాగ్రానికి (పువ్వులో పుప్పొడిని అందుకునే కొనకు) అందిస్తుంది. అందులో తాను తినేది ఏమీ లేదు. గింజ కడితేనే పిల్లకు తిండి దొరుకుతుంది. లార్వాలు కొన్ని గింజలే తింటాయి, మిగిలినవి మొక్కకు దక్కుతాయి. తేనె కోసం వచ్చి అనుకోకుండా పుప్పొడి మోసే తేనెటీగ పనికీ దీనికీ ఎంత తేడా ఉన్నదో గమనించండి.

రెండవ జవాబు:
ఒక చిన్న చేర్పు. ఇదే చిమ్మట జాతి దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో పర్వతాల వైపు పూర్తిగా నల్లగా ఉంటుంది, కనుక రంగును బట్టి పొరబడవద్దు. ఎదిగిన లార్వా కాయను తొలుచుకొని బయటికి వచ్చి నేలలో గూడు అల్లుకుంటుంది, మళ్లీ పూలు పూసే కాలం వరకు, ఒక్కోసారి ఏడాదికి మించి, అందులోనే ఉంటుంది. దీనికి దగ్గరి బంధువైన ప్రొడాక్సస్ వై-ఇన్వర్సస్ చిమ్మటలు ప్రయోగశాలలో 30 ఏళ్ల తరువాత బయటికి వచ్చాయి. యుక్కాకూ చిమ్మటకూ ఉన్న ఈ బంధాన్ని 1872లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ ఎంగెల్‌మన్, కీటకశాస్త్రజ్ఞుడు చార్ల్స్ రైలీ తొలిసారి వెల్లడించారు.

మూడవ జవాబు:
మీ ఇంటి మొక్క సంగతికి వస్తే, ఈ చిమ్మటలు అమెరికా ఖండానివి, మన దేశంలో లేవు. అలోయిఫోలియా అనే యుక్కా జాతి మాత్రం అవి లేని చోట కూడా కాయలు కాస్తుంది. మీది వేరే జాతి అయితే, సాయంత్రం పూలు విచ్చుకున్నాక మరొక మొక్క పుప్పొడిని సన్నని కుంచెతో కీలాగ్రం మీద ఉంచి చూడండి. ఒకే తల్లి మొక్క పిలకలు రెండింటినీ జత చేస్తే కాయ నిలవడం కష్టం, కాబట్టి ఆ రెండవ మొక్కను వేరే చోటి నుంచి తెచ్చుకోండి.