అలారం మోగితే రాత్రి కాపలా మనిషి గదిలోకి వెళ్ళాలా, బల్ల దగ్గరే ఉండాలా?

రాత్రిపాళీ:
మ్యూజియంలో బొమ్మలు రాత్రిపూట లేచి తిరుగుతాయన్న కథలు అందరికీ తెలిసినవే. నిజంగానే తిరిగిన బొమ్మ ఒకటుంది. మాంచెస్టర్ మ్యూజియంలో నెబ్-సెను అనే ఈజిప్టు ప్రతిమ, పాతిక సెంటీమీటర్ల రాతిబొమ్మ, 2013లో గాజు అరలో ఉన్నచోటే వెనక్కి తిరిగిపోయింది. శాపమన్నారు, ఆత్మ అన్నారు. తీరా కెమెరా పెట్టి చూస్తే అది తిరుగుతున్నది పగలు! సందర్శకుల అడుగులు, బయట బస్సుల అదురు, దానికి తోడు బొమ్మ అడుగుభాగం కాస్త ఉబ్బుగా ఉండటం. జనం లేని రాత్రి అది ఉలకలేదు.

కాబట్టి రాత్రిపూట ఏదైనా కదిలిందంటే దానికి కారణం ఉంటుంది. ఆ కారణాన్ని మనిషి వెళ్ళి చూడాలన్నది నా వాదన. కెమెరా తెర మీద ఒకసారి చూసి "ఏమీ లేదులే" అని అలారం ఆపేసే అలవాటు ప్రమాదం. మీరేమంటారు?

తీగమేస్త్రి:
వెళ్ళకూడదండీ. బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియం సంగతి చూడండి. 1990 మార్చి 18, రాత్రి 1:24. పోలీసు వేషంలో ఇద్దరు బెల్లు కొడితే కాపలా కుర్రాడు తలుపు తీశాడు. ఆపదలో నొక్కాల్సిన బటన్ అతని బల్ల దగ్గర ఒక్కటే ఉంది. నీమీద వారెంటుంది, ఇవతలికి రా అనగానే బల్ల వదిలి వచ్చాడు. అక్కడితో అయిపోయింది. ఇద్దరు గార్డుల్నీ టేపుతో చుట్టి బేస్‌మెంట్‌లో కట్టేసి, మొత్తం 81 నిమిషాలు లోపలుండి 13 వస్తువులు పట్టుకుపోయారు. కదలికల సెన్సార్లు వాళ్ళు తిరగడాన్ని రికార్డు చేశాయి. కానీ ఆ కబురు భవనం దాటి బయటికి పోలేదు. బల్ల వదిలిన గార్డు గార్డు కాదు, బందీ.

ఇక "ఏమీ లేదులే" అనడానికి కారణం సెన్సార్ల ఎంపిక. మామూలు పి.ఐ.ఆర్. (ఒంటి వేడిని పట్టే కదలిక సెన్సార్) చూసేది వేడిలో మార్పును. లెన్స్ మీద సాలీడు పాకినా, ఏసీ వేడిగాలి తగిలినా, వెంటిలేటర్‌లోంచి పావురం దూరినా మోగుతుంది. మైక్రోవేవ్ రకం గాజునూ పలచని గోడనూ దాటి చూస్తుంది, రోడ్డు మీద లారీ పోయినా లేస్తుంది. రెండూ ఒకేసారి పట్టుకుంటేనే మోగే జంట సెన్సార్ పెట్టండి. సాలార్‌జంగ్‌లో గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉంది కదా, అలాంటిది ఉన్న గదిలోనూ ఇబ్బంది రాదు. బొమ్మకు కదలిక ఉంది, ఒంట్లో వేడి లేదు.

గొళ్ళెం:
మేస్త్రిగారూ, జంట సెన్సార్‌కు ఇంకో ముఖం ఉంది. రెండూ ఒప్పుకుంటేనే మోగుతుందంటే, ఒకదాన్ని మోసం చేస్తే చాలు, ఇక మోగదు. పగలు సందర్శకుడిలా వచ్చి లెన్స్ మీద లక్క స్ప్రే కొట్టి పోతే ఆ రాత్రి అది గుడ్డిదే. కప్పితే పసిగట్టే యాంటీ-మాస్క్ రకం కొనాలి, లేదా మూసే ముందు రోజూ ప్రతి సెన్సార్ ముందూ నడిచి లైటు వెలుగుతోందో లేదో చూడాలి. ఇరవై గదులకు అరగంట పని. మొదట మానేసేది ఈ పనినే.

అసలు మీరిద్దరూ మాట్లాడుతున్నది మోగిన తర్వాత సంగతి. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో 2019 నవంబర్ 25న గ్రీన్ వాల్ట్ అనే నగల మ్యూజియాన్ని దోచినవాళ్ళు కిటికీ ఊచల్ని కొన్ని రోజుల ముందే కోసి, జిగురుతో మళ్ళీ అతికించి పోయారు. ఆ రాత్రి గార్డులు తెర మీద చూశారు, నియమం ప్రకారం బల్ల దగ్గరే ఉండి పోలీసుల్ని పిలిచారు. పోలీసులు ఐదు నిమిషాల్లో వచ్చారు. ఐదు నిమిషాలు చాలా ఎక్కువైంది. ఆయుధం లేని మనిషి గొడ్డలి పట్టుకున్నవాడి ముందుకు వెళ్ళాల్సిందని నేను అనను. కానీ అంతకుముందు ఏ రాత్రైనా ఎవరైనా ఆ ఊచను పట్టుకుని ఊపి ఉంటే చేతికి ఊడి వచ్చేది.

మన హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోనూ అంతే. 2018 సెప్టెంబర్‌లో నిజాం బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా పోయింది వెంటిలేటర్ దారిన. వారానికే దొరికాయి, అది వేరే విషయం. రౌండులో తలుపు తాళాలు చూస్తారు గానీ తలెత్తి వెంటిలేటర్ ఎవరు చూస్తారు? టార్చి గ్రిల్ మీదికి ఎదురుగా కొట్టకూడదు, పక్కనుంచి వాలుగా కొట్టాలి. కోసిన గీత, కొత్త జిగురు, రాలిన ఇనుప రజను నీడతో బయటపడతాయి.

ఇసుకబకెట్టు:
అందరూ దొంగ చుట్టూనే తిరుగుతున్నారు. మ్యూజియాలను మొత్తంగా మింగేసేది మంట. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ అర్ధరాత్రి దాటాక కాలిపోయింది. 2018లో రియోలో నేషనల్ మ్యూజియం కాలుతుంటే దగ్గర్లోని హైడ్రంట్లలో (ఫైరింజన్లకు నీళ్ళిచ్చే కొళాయిల్లో) నీళ్ళు లేవు. మంటకు "బల్ల దగ్గరే ఉండు" అన్న నియమం పనికిరాదు, మొదటి రెండు మూడు నిమిషాలు మనిషివే.

వరస ఇది: ముందు 101కి ఫోను. తర్వాత గది తలుపు పైభాగాన్ని చేతి వెనకవైపుతో తాకి చూడటం. వేడిగా ఉంటే తెరవొద్దు. చల్లగా ఉండి, మంట చెత్తబుట్టంత ఉంటేనే లోపలికి, అదీ తలుపు వీపు వెనకే ఉండేలా. మంటలార్పే 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పావు నిమిషం మించి పెద్దగా రాదు, మంటకు రెండు మీటర్ల దగ్గరికి వెళ్తేనే పనిచేస్తుంది. ఖాళీ అయినా మంట ఆరలేదంటే తలుపు లాగి బయటికి. ఏబీసీ పొడి సిలిండర్ గ్యాలరీలో పెట్టకండి. ఆ పొడి తేమ తగిలితే కంచునూ వెండినీ తినేస్తుంది. మంట కంటే అదే ఎక్కువ పాడు చేసిన సందర్భాలుంటాయి. మంట ఆర్పడానికి గదంతా గ్యాస్ నింపే ఏర్పాటున్న స్టోరు గదిలో సైరన్ మోగితే మాత్రం ఏదీ చూడొద్దు, గ్యాస్ వదిలేలోపు బయటపడాలి.

రాత్రిపాళీ:
చూశారా, చివరికి మనిషి లోపలికి వెళ్ళక తప్పలేదు.

తీగమేస్త్రి:
ఇద్దరుంటే వెళ్ళనివ్వండి, ఒకరు లోపలికి, ఒకరు బల్ల దగ్గర. లోపలికి వెళ్ళేవాడి మెడలో బటన్ ఉండాలి, పది నిమిషాలకోసారి నొక్కకపోతే దానంతట అదే పోలీసులకు పోవాలి. రౌండు వేళలు రోజూ మారాలి. రెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి అని గడియారంలా తిరిగితే ఎదురుగా టీకొట్టు దగ్గర వారం కూర్చున్నవాడికి కంఠతా వచ్చేస్తుంది.

రాత్రిపాళీ:
జిల్లా మ్యూజియంలో ఉండేది ఒక్క వాచ్‌మన్ కదండీ. రెండో మనిషి ఎక్కడినుంచి వస్తాడు?

గొళ్ళెం:
ఒక్కడే అయితే మంటకు తప్ప కదలకూడదు, ఈ మాటకు నేను మేస్త్రిగారి వైపే. ఇంకొకటి, గాజు అరల తాళంచెవులు ఆ ఒక్కడి నడుముకు వేలాడకూడదు. సాయంత్రమే సీలు వేసిన సంచిలో క్యురేటర్‌కు వెళ్ళిపోవాలి. చెవి తన దగ్గర లేదని బయటివాళ్ళకు కూడా తెలియాలి, తలుపు పక్కన బోర్డు మీద రాసి పెట్టినా తప్పులేదు.

ఇసుకబకెట్టు:
అరల చెవులు సరే. అత్యవసర ద్వారం చెవి కూడా అదే సంచిలో వేసి పంపుతున్నారు చాలామంది. దాని మాటేమిటి?