సమస్య: ఎండ ముదిరినఁ గాలమే యిగిరిపోవు

నిర్వాహకుడు, విజయవాడ: ఈ వారం తేటగీతి పాదం ఇదీ. వేసవిలో పగలు పెరుగుతుంటే కాలం ఇగరడమేమిటని అడక్కండి, చిక్కంతా అక్కడే. ఉష్ణోగ్రత ఉన్న క్వాంటం క్షేత్రాలకూ (చోటంతా పరుచుకుని, తమ అలలే కణాలుగా కనిపించేవి), సెమీక్లాసికల్ పద్ధతికీ (క్లాసికల్ దారులు పట్టుకుని క్వాంటం లెక్క వేయడం) అన్వయించాలి. మామిడిపళ్లు, సెలవులు వద్దు.

లెక్చరర్, బ్రాడీపేట:

ఊహలోఁ గాల మొక చిన్న యుంగరమగు;
వేడి రెట్టింపు కాఁగ నా వృత్తరేఖ
చుట్టుకొలతయు సగమౌను, చూడుఁ డదియె!
యెండ ముదిరినఁ గాలమే యిగిరిపోవు.

సభ్యురాలు, సత్యనారాయణపురం: యతులు కుదిరాయి మాస్టారూ. 1955లో భౌతికశాస్త్రవేత్త మత్సుబార చూపిన దారే: క్వాంటం స్థిరాంకం హెచ్-బార్‌ను కేటీతో (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత) భాగిస్తే ఊహాకాలపు (కాలాన్ని ఊహాసంఖ్యగా తీసుకుంటే వచ్చేది) చుట్టుకొలత. కానీ రెట్టింపు కావలసింది పరమ శూన్యం నుంచి లెక్కించే కెల్విన్‌లలో. బెజవాడ 45 డిగ్రీలంటే 318 కెల్విన్‌లు, చుట్టు 24 ఫెమ్టోసెకన్లు (ఒక్కోటి సెకనులో వెయ్యి లక్షల కోట్లవ వంతు). 27 డిగ్రీల రోజున 25.5. ఇంతోటి దానికి ‘ఇగిరిపోవు’ కాస్త ఎక్కువే. పైగా సెమీక్లాసికల్ మాటే లేదు.

లెక్చరర్: ‘ఇగిరిపోవు’ నాది కాదండీ, సమస్యలోది!

విద్యార్థి, అరండల్‌పేట:

చలినిఁ గొండనే తొలుచుచు జరుగు కణము
వేడి హెచ్చఁగ నా త్రోవ వీడి, శిఖర
మెక్కి యవ్వలఁ బడునయ్య యెందుకనిన
నెండ ముదిరినఁ గాలమే యిగిరిపోవు.

నిర్వాహకుడు: శభాష్ అబ్బాయ్! ‘ఎందుకనిన’తో సమస్యను కారణంగా మార్చేశావు. చల్లగా ఉంటే, శక్తి అడ్డంకి అనే కొండను ఎక్కలేని కణం చిట్టినగర్ సొరంగంలో దూరినట్టు అవతలికి పోవడమే. ఊహాకాలంలో కొండ తలకిందులై లోయ అవుతుంది, అందులో ఊగే దారే సొరంగం. ఒక ఊపు పూర్తికావాలంటే చుట్టులో చోటుండాలి. వేడికి చుట్టు కుంచించుకుపోయి, ఆ ఊపు పట్టకపోతే మిగిలేది కదలకుండా శిఖరంపై నిలబడే పరిష్కారం. అప్పుడు దాటే రేటును శాసించేది కొండ ఎత్తుకూ కేటీకీ ఉన్న నిష్పత్తి. శిఖరం వంపు ఎంత నిటారైతే, ఆ మార్పు జరిగే ఉష్ణోగ్రత అంత ఎక్కువ. విద్యుదయస్కాంత, బలహీన బలాలను కలిపే ఎలక్ట్రోవీక్ సిద్ధాంతంలో ఆ శిఖరానికి 1984లో భౌతికశాస్త్రవేత్తలు క్లింక్‌హామర్, మాంటన్ స్ఫాలెరాన్ అని పేరు పెట్టారు.

సభ్యురాలు: అంతా బానే ఉంది గానీ, అడిగింది క్షేత్రం, దాటింది కణం!

విద్యార్థి: క్షేత్రము భగణం (గురువు, రెండు లఘువులు) మేడమ్, ఐదో చోట సూర్యగణమే (గలం గానీ, నగణం గానీ) పడాలి.

సభ్యురాలు: రెండో చోటికి జరుపు నాయనా:

చలిని క్షేత్రము గిరిఁ దొల్చి జరుగుచుండు

లెక్చరర్: ‘క్షే’ సంయుక్తాక్షరం ముందున్న ‘ని’ గురువవదా?

సభ్యురాలు: విడి పదాలు మాస్టారూ, అవదు.