ఇంటరప్ట్‌లు ఇంకా ఆన్ కాకముందే డ్రైవర్ ఇనిట్, బూట్ అక్కడే ఆగిపోతోంది, మీకెవరికైనా ఇలా అయ్యిందా?

బోర్డు_బ్రింగప్:
అందరికీ నమస్కారం. మా దగ్గర లినక్స్ నడిచే ఒక ఆర్మ్64 (64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్) బోర్డు ఉంది, దాని క్లాక్ డ్రైవర్ ఇన్నాళ్లూ మామూలు ప్లాట్‌ఫాం డ్రైవర్‌గా బానే నడిచింది. ఇప్పుడు ఒక టైమర్‌కి కావాల్సిన క్లాక్ కూడా అందులోంచే రావాలి కాబట్టి దాన్ని సీఎల్‌కే_ఓఎఫ్_డిక్లేర్‌కి (బూట్‌లో చాలా ముందే ఇనిట్ నడిపించే పద్ధతి) మార్చాం. అప్పట్నుంచి బూట్‌లోడర్ యూబూట్ "స్టార్టింగ్ కెర్నల్" అని చెప్పాక ఇంకొక్క అక్షరం కూడా రావట్లేదు, పానిక్ లేదు రీబూట్ లేదు. డ్రైవర్‌లో పీఎల్ఎల్ (క్లాక్ తయారుచేసే సర్క్యూట్) లాక్ అయ్యేదాకా, అంటే నిలకడగా సెట్ అయ్యేదాకా, ఆగే లూప్ ఉంది, జిఫ్ఫీస్‌తో (కెర్నల్ టిక్‌ల లెక్క) పోల్చి 10 మిల్లీసెకన్లకి టైమవుట్ కూడా పెట్టి ఉంది. టైమవుట్ ఉన్నాక బయటికి రావాలి కదా, మరి ఎందుకు ఆగిపోతోంది?

సీరియల్_వైర్:
ముందు ఎర్లీకాన్ (బూట్ మొదట్లోనే మెసేజ్‌లు చూపించే కన్సోల్) పెట్టండి, మిగతావన్నీ తర్వాత. మామూలు కన్సోల్‌ని లేపే కన్సోల్_ఇనిట్ అనేది స్టార్ట్_కెర్నల్‌లో (కెర్నల్ మొదలయ్యే ఫంక్షన్) ఇంటరప్ట్‌లు (డివైస్‌లు ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్స్) ఆన్ చేశాకే వస్తుంది, అప్పటిదాకా ప్రింట్‌కే (కెర్నల్ మెసేజ్ ఫంక్షన్) చేసినవన్నీ లాగ్ బఫర్‌లో పడి ఉంటాయి తప్ప వైరు మీదకి రావు, అంటే మీ కెర్నల్ చాలా దూరమే వచ్చి ఉండొచ్చు, మీకు కనపడట్లేదు అంతే. ఎర్లీకాన్‌కి ఇంటరప్ట్ అక్కర్లేదు, యూఆర్ట్ (సీరియల్ పోర్ట్ చిప్) స్టేటస్ రిజిస్టర్ చూస్తూ ఖాళీ అయ్యిందా అని తిరుగుతూ ఒక్కో అక్షరం తోస్తుంది. 8250 రకం యూఆర్ట్ అయితే లైన్ స్టేటస్ రిజిస్టర్‌లో 5వ బిట్, పీఎల్011 అయితే ఫ్లాగ్ రిజిస్టర్‌లో ఫిఫో నిండిందని చెప్పే బిట్. 115200 బాడ్‌లో ఒక్క అక్షరానికి దాదాపు 87 మైక్రోసెకన్లు పడుతుంది, 80 అక్షరాల లైన్‌కి 7 మిల్లీసెకన్లు. నిదానమే, కానీ ఈ దశలో మనకి కావాల్సింది స్పీడ్ కాదు.

కెర్నల్_కరీంనగర్:
అన్నా, గా జిఫ్ఫీస్ లూపే చూడు ఫస్ట్. జిఫ్ఫీస్ పెరగాలంటే టైమర్ ఇంటరప్ట్ రావాలె. ఆర్మ్64లో సీఎల్‌కే_ఓఎఫ్_డిక్లేర్ తోటి పెట్టిన ఫంక్షన్లు టైమ్_ఇనిట్ లోపల నడుస్తయి, అప్పటికి టైమర్ ప్రోబే కాలె, ఇంటరప్ట్‌లు ఆఫ్‌ల ఉన్నయి. జిఫ్ఫీస్ ఎక్కడున్నది అక్కడ్నే ఉంటది, నీ టైమవుట్ ఎన్నడూ రాదు. టైము చదివే కేటైమ్_గెట్ వాడినా గంతే, ఆ టైముకి క్లాక్‌సోర్స్ (టైము లెక్కకి ఆధారం) కూడా జిఫ్ఫీసే కాబట్టి. టాస్క్‌ని నిద్రపుచ్చే ఎమ్‌స్లీప్ జోలికి అస్సలు పోకు, షెడ్యూలర్‌కి అప్పచెప్పేటందుకు ఇంకో టాస్కే లేదు అక్కడ.

కానీ ఒక్కటి ఆలోచించు. పీఎల్ఎల్ లాక్ అయితే లూప్ ఎట్లైనా బయటికి వస్తది, జిఫ్ఫీస్ ఆగినా సరే. బయటికి రాలేదంటే లాక్ బిట్ కూడా వస్తలేదు. నీకు ఒకటి కాదు, రెండు ప్రాబ్లమ్స్ ఉన్నయి.

విశాఖ_ఎంబెడెడ్:
కరీంనగర్ గారు చెప్పింది కరెక్ట్. దానికి తోడు ఇంకోటి, ఇది చాలామంది చూడరు. జిఫ్ఫీస్ తీసేసి యూడిలే (మైక్రోసెకన్ల లెక్కన ఆగే ఫంక్షన్) పెట్టి 100 సార్లు తిరగమంటే సరిపోతుంది అనుకుంటారు, కానీ యూడిలే లెక్క లూప్స్_పర్_జిఫ్ఫీ (ఒక జిఫ్ఫీకి ఎన్ని లూప్‌లు అనే విలువ) మీద ఉంటుంది, కాలిబ్రేట్ అయ్యేదాకా దాని విలువ 4096 మాత్రమే. రాస్ప్‌బెర్రీ పై 4 తీసుకోండి, ఆర్క్ టైమర్ (ఆర్మ్ లోపలి టైమర్) 54 మెగాహెర్ట్జ్, హెచ్‌జెడ్ (సెకనుకి టిక్‌లు) 250 అయితే అసలు విలువ 216000 రావాలి, బూట్ లాగ్‌లో 108.00 బోగోమిప్స్ పక్కన కనపడేది అదే. అంటే దాదాపు 53 రెట్లు తేడా, మీరు 100 మైక్రోసెకన్లు ఆగమంటే అది 2 కూడా ఆగదు. అందుకే నేను ఈ దశలో తిరిగే సార్ల సంఖ్యే బాగా పెద్దగా పెడతా, డేటాషీట్‌లో ఇచ్చిన లాక్ టైముకి వంద రెట్లు ఇచ్చినా నష్టం లేదు, లాక్ అయిన వెంటనే ఎలాగూ బయటికి వచ్చేస్తాం. లేకపోతే ఆర్మ్ కౌంటర్ రిజిస్టర్ నేరుగా చదవండి, దానికి ఇంటరప్ట్‌తో పని లేదు, బూట్‌లోడర్ స్టార్ట్ చేసి ఉంటే చాలు. లూప్ అయిపోయినా లాక్ రాకపోతే మాత్రం గట్టిగా ప్రింట్ చేసి ఎర్రర్ రిటర్న్ చెయ్యండి, ఊరకే ముందుకి పోనివ్వద్దు.

సీరియల్_వైర్:
లాక్‌ల సంగతి కూడా చూసుకోండి. ఇదే కోడ్‌లో స్పిన్_లాక్_ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్‌లు ఆపి తీసుకునే లాక్) ఉంటే అన్‌లాక్ చేసేటప్పుడు అది ఏమీ అడక్కుండా ఇంటరప్ట్‌లు ఆన్ చేసేస్తుంది, ముందు ఆఫ్‌లో ఉన్నాయా అన్నది దానికి పట్టదు. తర్వాత స్టార్ట్_కెర్నల్‌లో "ఇంటరప్ట్స్ వర్ ఎనేబుల్డ్ ఎర్లీ" అని వార్నింగ్ వస్తుంది, అది ఎవరు చేశారో మాత్రం చెప్పదు, ఒక్కో ఇనిట్ మధ్యలో ఇంటరప్ట్ స్టేట్ ప్రింట్ చేసుకుంటూ వెతుక్కోవాల్సిందే. ఐఆర్‌క్యూసేవ్, ఐఆర్‌క్యూరిస్టోర్ వాడితే ఎలా ఉన్నదాన్ని అలాగే వదుల్తాయి.

రిస్క్‌ఫైవ్_స్టూడెంట్:
నాదొక చిన్న డౌట్ అండి, అసలు అంత ముందు ఇంటరప్ట్‌లు ఆన్ చేసేస్తే ఏమవుతుంది? ఎందుకు ఆపి ఉంచడం?

విశాఖ_ఎంబెడెడ్:
వస్తే తీసుకునే వాళ్లు ఉండాలి కదమ్మా. బూట్ మొదట్లో ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవరే లేచి ఉండదు, అది లేచినా వచ్చిన ఇంటరప్ట్‌ని చూసుకునే హ్యాండ్లర్ల టేబుల్ ఇంకా ఖాళీ, అప్పుడొక లైన్ కొడితే కెర్నల్‌కి అది ఏ డివైస్‌దో తెలీదు, ఎలా చల్లార్చాలో తెలీదు. కాలేజీలో ఎక్స్‌వీ6 (చదువు కోసం రాసిన చిన్న ఓఎస్) చేస్తుంటే యూఆర్ట్ ఫైల్ తెరిచి చూడు, అక్షరం పంపే ఫంక్షన్లు రెండుంటాయి, ఒకటి ఇంటరప్ట్ మీద ఆధారపడేది, సింక్ అని పేరున్నది కెర్నల్ ప్రింట్‌ఎఫ్ కోసం. రెండోది ఇంటరప్ట్‌లు ఆపి బిట్ చూస్తూ తిరుగుతుంది. ఈ చర్చంతా ఆ నాలుగైదు లైన్లలో ఉంది, పక్కపక్కన పెట్టి చదువు.

బోర్డు_బ్రింగప్:
దొరికిందండీ, అందరికీ చాలా థాంక్స్. ఎర్లీకాన్ పెట్టగానే బ్యానర్ నుంచి మొత్తం వచ్చింది, ఇంటరప్ట్ కంట్రోలర్ లైన్లు కూడా వచ్చి ఆ తర్వాత ఆగింది, అంటే సరిగ్గా టైమ్_ఇనిట్ దగ్గరే. జిఫ్ఫీస్ తీసేసి లెక్కపెట్టే లూప్ పెడితే బూట్ ముందుకెళ్లి "పీఎల్ఎల్ నాట్ లాక్డ్" అని ప్రింట్ అయ్యింది. కరీంనగర్ అన్న చెప్పిన రెండో ప్రాబ్లం ఇదే. పీఎల్ఎల్‌కి వెళ్లే రెఫరెన్స్ క్లాక్ గేట్‌ని ఇంతకుముందు పవర్ మేనేజ్‌మెంట్ డ్రైవర్ ఆన్ చేసేది, అది ఇనిట్‌కాల్స్‌లో (బూట్‌లో ఆ తర్వాత వచ్చే డ్రైవర్ల దశ) వస్తుంది, మనం దానికన్నా ముందుకి జరిగిపోయాం కాబట్టి గేట్ మూసే ఉంది. ఆ ఒక్క బిట్ మా ఇనిట్‌లోనే సెట్ చేస్తే లాక్ వెంటనే వచ్చింది.

కెర్నల్_కరీంనగర్:
మస్తు. ఇగ ఇదే బోర్డుల ఇంటరప్ట్ వాడే డ్రైవర్లకి పోయినప్పుడు ఇది యాదుంచుకో, రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ (హ్యాండ్లర్‌ని నమోదు చేసే ఫంక్షన్) పిలిచినంక తర్వాతి లైన్ కంటే ముందే హ్యాండ్లర్ రావొచ్చు. యూబూట్ నెట్‌వర్క్ తోటి ఇమేజ్ తెచ్చుకుని ఈథర్నెట్‌ని అట్లనే వదిలేస్తే పెండింగ్ బిట్ నిలబడే ఉంటది. అందుకే ముందు డివైస్‌ల మాస్క్ చెయ్, స్టేటస్ క్లియర్ చెయ్, నీ స్ట్రక్చర్ మొత్తం నింపు, ఆఖరుకు రిక్వెస్ట్ చెయ్. షేర్డ్ లైన్ (ఒకటికంటే ఎక్కువ డివైస్‌లు పంచుకునేది) అయితే కాన్ఫిగ్_డీబగ్_ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ ఆన్ పెట్టి డ్రైవర్‌ని తీసేసి చూడు, ఫ్రీ_ఐఆర్‌క్యూ తోటి హ్యాండ్లర్‌ని తీసేటప్పుడు కెర్నల్ కావాలని దాన్ని ఒకసారి పిలుస్తది, నువ్వు అప్పటికే వదిలేసినదాన్ని అది ముట్టుకుంటే నీ టేబుల్ మీదనే పడిపోతది, కస్టమర్ దగ్గర కాదు. క్లియర్ చెయ్యని లైన్ అయితే లక్ష ఇంటరప్ట్‌లల్ల 99,900 కంటే ఎక్కువ ఎవరూ పట్టించుకోకపోతే కెర్నల్ "నోబడీ కేర్డ్" అని ఆ లైన్‌నే మూసేస్తది, దాని మీదున్న మిగతా డివైస్‌లు కూడా పోతయి.

బోర్డు_బ్రింగప్:
నోట్ చేసుకున్నా అన్నా. ఈథర్నెట్ వచ్చే వారం మొదలుపెడుతున్నాం, లాగ్ ఇక్కడే పెడతా.