పింక్ ఫ్లాయిడ్‌లో నిక్ మేసన్‌కి దక్కాల్సిన గౌరవం దక్కిందంటారా?

చీకటిరేడియో:
పాంపేలో తీసిన ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ సినిమాని బాగుచేసి 2025లో మళ్లీ థియేటర్లలో వేశారు కదా, అది చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎవర్ని అడిగినా పింక్ ఫ్లాయిడ్ అంటే గిల్మర్ గిటార్, వాటర్స్ రాసిన మాటలు, మొదట్లో సిడ్ బారెట్. ఇంకాస్త లోతుగా విన్నవాళ్లయితే రిచర్డ్ రైట్ కీబోర్డ్ గురించి చెప్తారు. డ్రమ్మర్ నిక్ మేసన్ పేరు అందరికన్నా చివర్న వస్తుంది, అదీ "మంచి స్నేహితులు దొరికారు, అదృష్టవంతుడు" అన్న ధోరణిలో. ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

1967లో మొదటి ఆల్బమ్ నుంచి 2014లో వచ్చిన ది ఎండ్‌లెస్ రివర్ దాకా అన్ని స్టూడియో ఆల్బమ్‌లలోనూ ఉన్న ఏకైక మనిషి అతనే. సిడ్ వెళ్లిపోయాడు, గిల్మర్ 1968లో వచ్చాడు, ద వాల్ ఆల్బమ్ చేస్తున్నప్పుడు రైట్‌ని బయటికి పంపారు, 1985లో వాటర్స్ తెగతెంపులు చేసుకున్నాడు. డ్రమ్స్ వెనక కూర్చున్న ఈయన మాత్రం కదల్లేదు.

లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ బాన్‌హమ్ పక్కనో, రష్ బ్యాండ్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ పక్కనో నిలబెడితే చిన్నగా కనిపిస్తాడు, కాదనను. కానీ అసలు ఆ పోలిక పెట్టడమే సరైనదా? అతని చోట ఇంకా చెయ్యి తిరిగిన డ్రమ్మర్ ఉండుంటే ఆ పాటలు ఇంకా బాగుండేవా, లేక చెడిపోయేవా? డ్రమ్స్ వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి. ఇంకో చిన్న అనుమానం: సినిమాలో వన్ ఆఫ్ దీజ్ డేస్ పాట వచ్చినప్పుడు కెమెరా దాదాపు మొత్తం మేసన్ మీదే ఎందుకుంది?

దరువు:
ముందు చిన్న అనుమానం తీర్చేస్తాను. 1971 అక్టోబరులో ఆ పాట షూటింగ్ అయ్యాక మిగతావాళ్లని తీసిన రీళ్లు కొన్ని పోయాయి, డైరెక్టర్ ఆడ్రియన్ మేబెన్ దగ్గర మిగిలింది ఎక్కువగా మేసన్ షాట్లే. అలా పోవడం మన అదృష్టం. ఎందుకంటే ఎప్పుడూ వెనకుండే మనిషిని ఆ కాసేపు దగ్గర్నుంచి చూసే వీలు దొరికింది. పాట మధ్యలో ఒక పుల్ల చేతిలోంచి జారిపోతుంది, చూశారా? అంత వేగంలోనూ ఇంకో పుల్ల అందుకుని వాయిస్తూనే ఉంటాడు, దరువు ఎక్కడా తెగదు. నేను విద్యార్థులకి ఆ ముక్క వేసి చూపిస్తుంటాను. పుల్ల జారడం అందరికీ జరిగేదే, జారాక ముఖం చూడాలి. ఇతని ముఖంలో కంగారే లేదు.

ఇక అసలు విషయానికొస్తే, నెమ్మది పాట వాయించడం వేగంగా వాయించడం కన్నా కష్టం, ఇది వాయించనివాళ్లకి చెప్తే నమ్మరు. బ్రీత్ గానీ కంఫర్టబ్లీ నమ్ గానీ తీసుకోండి, రెండూ నిమిషానికి అరవై పైచిలుకు బీట్లు, అంటే ఒక బీటుకీ తర్వాతి బీటుకీ మధ్య దాదాపు ఒక సెకను. ఆ సెకనులో చేతులు ఊరుకోవు, ఇక్కడో ఫిల్ (ఖాళీ నింపే చిన్న దెబ్బల వరుస) వేద్దామా, అక్కడ సింబల్ కొడదామా అని పీకుతుంటాయి, స్నేర్ (బీటుని గట్టిగా చెప్పే డ్రమ్) దెబ్బ రవ్వంత ముందు పడిందంటే పాట పరిగెత్తినట్టుంటుంది, మరీ వెనక పడితే ఈడ్చుకుంటూ పోతున్నట్టుంటుంది. మేసన్ దెబ్బ సరిగ్గా ఆ అంచు మీద, కొంచెం వెనక్కి వాలినట్టు పడుతుంది. పాట తేలుతున్నట్టు అనిపించడానికి సగం కారణం గిల్మర్ అయితే మిగతా సగం ఇదీ.

టైమ్ పాట మొదలు వినండి, గడియారాల గోల అయిపోయాక. ఇంచుమించు రెండు నిమిషాలు ఎవరూ పాడరు, అప్పుడప్పుడు పడే ఆ లోతైన నోట్లు, పక్కన రైట్ కీబోర్డ్, అంతే. ఆ జాగానంతా నింపేది మేసన్ రోటోటామ్స్. రోటోటామ్ అంటే చుట్టూ చెక్క డబ్బా ఉండదు, తిప్పితే శ్రుతి మారే చిన్న డ్రమ్. వాటి మీద అతను వేగం చూపించడు, కింది నోటు పడగానే దానికి జవాబు చెప్తున్నట్టు నాలుగు దెబ్బలు వేసి ఆగుతాడు, మళ్లీ నోటు పడేదాకా ఎదురుచూస్తాడు. ఒక రాక్ పాటలో డ్రమ్మర్‌కి సొంతంగా రెండు నిమిషాలు దొరికితే ఎంతమంది అలా ఆగగలరు?

షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్‌లో అయితే నాలుగు నిమిషాలు దాటేదాకా డ్రమ్స్ అన్నవే లేవు. అంతసేపు ఊరికే కూర్చుని, వచ్చేటప్పుడు ఒక్క ఫిల్‌తో తలుపు తెరిచినట్టు వస్తాడు. నా దృష్టిలో రాక్ డ్రమ్మింగ్‌లో అంతకన్నా గొప్ప రాక చాలా తక్కువ.

ఏడోమాత్ర:
దరువు గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ గౌరవం ఇవ్వడం వేరు, లోపాన్ని దాచడం వేరు. ద వాల్‌లో మదర్ పాటకి డ్రమ్స్ వాయించింది మేసన్ కాదు, జెఫ్ పోర్కారో. మాత్రల లెక్క మాటిమాటికీ మారుతుంటే అందులో మేసన్‌కి కుదరలేదు. 1983లో ద ఫైనల్ కట్ చివరి పాటకి ఆండీ న్యూమార్క్‌ని కూర్చోబెట్టారు. 1987 ఆల్బమ్‌కి జిమ్ కెల్ట్‌నర్, కార్మైన్ అపీస్ వచ్చారు, అది చాలక డ్రమ్ మెషీన్ కూడా. ఎనిమిది తొమ్మిదేళ్లలో మూడుసార్లు సొంత బ్యాండ్ రికార్డు మీద వేరేవాళ్లు వాయించారంటే అది చిన్న విషయం కాదు. లెడ్ జెపెలిన్ రికార్డు మీద బాన్‌హమ్ బదులు ఇంకొకరు కూర్చోవడం ఊహించగలరా?

ఆ స్థాయి బ్యాండ్‌లో ఉండి సాధన తగ్గించుకున్నాడన్నది నా బాధ. పాత ఫెరారీలు, లె మాన్స్ రేసులు, అదంతా అతని ఇష్టం, తప్పు పట్టను. కానీ 1971లో అంత బాగా వాయించిన మనిషి పదేళ్లకి వాయించలేని పాటలుండటం చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. అతనంటే పడక కాదు, ఇష్టం కాబట్టే అంటున్నాను.

పాతరికార్డు:
ఇద్దరూ చేతుల గురించే మాట్లాడుతున్నారు, చెవి గురించి ఎవరూ చెప్పట్లేదు. మేసన్ డ్రమ్మర్ మాత్రమే కాదు, శబ్దాలు పోగుచేసే మనిషి. మనీ పాట మొదట్లో వచ్చే చిల్లర గలగల, కాగితం చింపడం, గల్లాపెట్టె చప్పుడు ఉన్నాయి కదా, అది ఏడు శబ్దాలని టేపు ముక్కలుగా కోసి అతికించి చుట్టగా తిప్పిన లూప్. అందులో ఒక శబ్దం కోసం మేసన్ పాత పెన్నీలకి బెజ్జాలు పెట్టి దారానికి గుచ్చి ఆడించాడు. ఇంకో శబ్దం కోసం వాటర్స్ తన భార్య కుండలు చేసే పనికి వాడే గిన్నెలో నాణేలు తిప్పి రికార్డ్ చేశాడు. ప్రతి ముక్కనీ కొలిచి కోస్తేనే ఏడూ లెక్కలో పడతాయి. కంప్యూటర్ లేని రోజుల్లో బ్లేడుతో చేసిన పని అది.

ఇక బ్యాండ్ లోపల గౌరవం అంటే, ఆల్బమ్ అట్ట వెనక పాటల కింద పేర్లు చూడండి, కథంతా అక్కడే ఉంది. ఎకోస్ నలుగురి పేరు మీద ఉంది. వన్ ఆఫ్ దీజ్ డేస్ నలుగురిదీ. 1973లో వచ్చిన డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఆల్బమ్‌లో టైమ్ కూడా నలుగురిదే. అదే ఆల్బమ్‌లో ఎనీ కలర్ యూ లైక్‌కి గిల్మర్, మేసన్, రైట్, మొదటి ట్రాక్ స్పీక్ టు మీ అయితే మేసన్ ఒక్కడిదే. గుండె చప్పుడుతో మొదలయ్యే ఆ ముక్క గురించి వాటర్స్ తర్వాత్తర్వాత, అది తాను బహుమతిగా ఇచ్చిన క్రెడిట్ అని, ఇచ్చినందుకు పశ్చాత్తాపపడ్డానని అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1975 నుంచి 1983 దాకా నాలుగు ఆల్బమ్‌లు వచ్చాయి, ఒక్క పాట కింద కూడా మేసన్ పేరు లేదు. అంటే నలుగురూ ఒక గదిలో కూర్చుని గంటల తరబడి వాయిస్తూ పాట కట్టడం ఆగిపోయింది, ఒకరు రాసుకొచ్చింది మిగతావాళ్లు వాయించడం మొదలైంది. ఏడోమాత్ర గారూ, మీరు చెప్పిన మూడు సందర్భాలూ సరిగ్గా అలా మారిన తర్వాతివే. సాధన తగ్గడం ఒక్కటే కారణం అనుకోను, పాటలో తన వంతు తగ్గిపోతే చేతులు కూడా మొద్దుబారతాయి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. 1969లో ఉమ్మగుమ్మా అనే డబుల్ ఆల్బమ్‌లో నలుగురికీ తలా కొంత భాగం ఇచ్చారు, ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోమని. మేసన్ తన భాగాన్ని దేంతో మొదలుపెట్టాడు? ఫ్లూట్‌తో. అప్పటి భార్య లిండీ వాయించింది. డ్రమ్మర్‌కి ఒక భాగం మొత్తం అప్పగిస్తే ముందు ఫ్లూట్ వినిపించాడు, చివర్లోనూ మళ్లీ అదే. ఆ ట్రాక్ నాకు అంత నచ్చదు, మధ్యలో సాగతీత ఎక్కువ, కానీ మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

బయటివాళ్లు మాత్రం అతని చెవిని గుర్తించారు. రాబర్ట్ వయట్ 1974లో చేసిన రాక్ బాటమ్‌కి ప్రొడ్యూసర్ మేసనే. 1977లో ద డామ్‌డ్ అనే పంక్ బ్యాండ్ రెండో ఆల్బమ్‌కీ అతనే. పంక్ కుర్రాళ్లకి పింక్ ఫ్లాయిడ్ అంటే ఒళ్లుమంట ఉన్న రోజులవి.

దరువు:
పాతరికార్డు గారు చెప్పిన క్రెడిట్ల విషయం నేనెప్పుడూ ఆ వరుసలో పెట్టి చూడలేదు, చాలా బాగా పట్టుకున్నారు.

ఏడోమాత్ర గారూ, మదర్ గురించి వాదించను. పోర్కారో వాయించాడు, అద్భుతంగా వాయించాడు. కానీ లెక్క అంటే మేసన్‌కి భయం అన్నట్టు వినిపిస్తోంది, అది మాత్రం సరికాదు. మనీ ఏడు మాత్రల ఆవర్తం, మీ పేరులో ఉన్నదే. ఆ ఏడులో సాక్సోఫోన్ సోలో దాకా పాటని హాయిగా నడిపించి, గిటార్ సోలోకి రాగానే నాలుగులోకి దించి, మధ్యలో అందరూ గొంతు తగ్గించే చోట తనూ సగానికి తగ్గి, మళ్లీ ఏడులోకి తెచ్చి సమం మీద వదులుతాడు. వినేవాడికి ఎక్కడా ఎగుడుదిగుడు తెలియదు. ఏడు లెక్కన్న సంగతే తెలియకుండా కోట్లమంది ఆ పాటకి తలూపారు, అది డ్రమ్మర్ గొప్పతనం కాకపోతే ఎవరిది?

1987 ఆల్బమ్ సంగతికొస్తే, దాన్ని 2019లో మళ్లీ మిక్స్ చేశారు, మేసన్ కొత్తగా డ్రమ్స్ వాయించాడు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పాతదాంట్లో డ్రమ్స్ పెద్దగా, ఎనభైల నాటి ఆ మోతతో, ఏ బ్యాండ్‌దైనా కావచ్చు అన్నట్టుంటాయి. కొత్తదాంట్లో దెబ్బల మధ్య గాలి ఆడుతుంది, రైట్ కీబోర్డ్ కూడా పైకి తేలింది, ఒక్కసారిగా అది పింక్ ఫ్లాయిడ్ అని తెలుస్తుంది. కెల్ట్‌నర్ మేసన్ కన్నా మంచి డ్రమ్మరే. కానీ ఆ కుర్చీ మేసన్‌దే.

బేస్‌గీత:
నేను బేస్ వాయిస్తాను కాబట్టి ఒక మాట. సెట్ ద కంట్రోల్స్ ఫర్ ద హార్ట్ ఆఫ్ ద సన్‌లో మేసన్ మామూలు పుల్లలు పక్కన పెట్టి, మెత్తటి తల ఉన్న మాలెట్లతో టామ్స్ (స్నేర్ కాని పక్క డ్రమ్స్) మీద తిప్పుతూ వాయిస్తాడు. చికో హామిల్టన్ అనే జాజ్ డ్రమ్మర్ దగ్గర పట్టుకున్న పద్ధతి అది. స్నేర్ దెబ్బ లేకపోతే బేసిస్టుకి ఆనుకోడానికి గోడ ఉండదు, మామూలుగా అయితే టెన్షన్ వస్తుంది, కానీ ఆ పాట బేస్ లైన్ వాయిస్తూ అతని టామ్స్ వింటుంటే పాట ఎటు పోతోందో ముందే తెలిసిపోతుంది. వాటర్స్ లాంటి మామూలు బేసిస్టుకి (ఆయనా వేగం ఉన్న వాద్యకారుడు కాదు) అలాంటి డ్రమ్మర్ దొరకడం వల్లే ఇద్దరూ కలిసి అంత బరువైన సంగీతం చేశారు. వాళ్లిద్దరూ, రైటూ, లండన్‌లో ఆర్కిటెక్చర్ చదివేటప్పుడు కలిసినవాళ్లు. కలిసే నేర్చుకున్నారు, అందుకే ఒకళ్ల లోటు ఇంకొకళ్ల వాయింపులో కలిసిపోయింది.

చీకటిరేడియో:
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. లూప్ సంగతి చదివాక మనీ మళ్లీ పెట్టాను, ఈసారి పెన్నీల చప్పుడు వెతుక్కుంటూ విన్నాను. ఏడోమాత్ర గారూ, మీ అభ్యంతరం ఇంకా అలాగే ఉందా?

ఏడోమాత్ర:
మదర్ విషయంలో అలాగే ఉంది. మనీ విషయంలో దరువు గారితో నాకు పేచీ ఏమీ లేదు, నా పేరు పెట్టుకున్నదే ఆ పాట వల్ల.

గౌరవం గురించి నాకనిపించేది ఒకటి చెప్తాను. 2018లో మేసన్ తన పేరుతో కొత్త బ్యాండ్ పెట్టాడు, సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్. స్టేడియంలు కాదు, థియేటర్లు. డార్క్ సైడ్ పాటలు వాయిస్తే జనం విరగబడి వచ్చేవాళ్లు, కానీ అవి ముట్టుకోకుండా 1973కి ముందు పాటలే పట్టుకున్నాడు, సిడ్ పాటలతో సహా. డెబ్బై దాటాక మళ్లీ చేతులు సానపెట్టుకుని ఎకోస్ లాంటి ఇరవై నిమిషాల పాట వాయించాడు. ఇందాక సాధన గురించి నేను పడ్డ బాధకి ఇదే అతని జవాబు అనుకుంటాను. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వాటర్స్ వచ్చి, బేస్‌గీత గారు చెప్పిన సెట్ ద కంట్రోల్స్ అతనితో కలిసి పాడాడు. గిల్మర్‌తో వాటర్స్‌కి మాటల్లేని రోజుల్లో కూడా ఇద్దరికీ మేసన్‌తో సంబంధం తెగలేదు, 2022లో ఉక్రెయిన్ కోసం గిల్మర్ పాట చేస్తే డ్రమ్స్ మేసనే వాయించాడు. ఆ వీడియో దొరికితే చూడండి, తర్వాత 1987 ఆల్బమ్ 2019 మిక్స్‌లో సారో పాట వినండి, దాని గురించి దరువు గారు ఏమంటారో నాకు తెలుసుకోవాలనుంది.