ఇంట్లో కట్టుకున్న హాట్ రాడ్: స్టీరింగ్ ఊగుతోంది, వెనక కొట్టుకుంటోంది. కొత్త సస్పెన్షన్ కొనాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో కూర్చుని 1932 ఫోర్డ్ కూపే తరహాలో హాట్ రాడ్ (పాత కారు రూపంలో సొంతంగా మార్చి కట్టే బండి) కట్టుకుంటున్నాను. ఫ్రేమ్ వెల్డింగ్ నాదే, బాడీ స్టీలు. ముందు ఐ-బీమ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఉక్కు దూలం), అడ్డంగా ఒకే కమాను (పట్టీల స్ప్రింగ్), యాక్సిల్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హెయిర్‌పిన్ రాడ్లు. వెనక యాక్సిల్‌ను పట్టి ఉంచే నాలుగు రాడ్ల ఫోర్-లింక్, అది పక్కకు జరగకుండా అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్, రెండు కాయిలోవర్లు (స్ప్రింగ్ లోపలే షాక్ అబ్జార్బర్ ఉండేవి). ప్రైమర్ మీదే కొంచెం తిప్పి చూస్తున్నాను.

చిన్న గుంత వచ్చినా వెనక ఠంగుమని అడుగుకు కొట్టుకుంటోంది. 60 కి.మీ. దాటితే స్టీరింగ్ చేతులు విదిలించేలా ఊగిపోతోంది, బండి దాదాపు ఆగితే గానీ తగ్గదు. ఇంకోటి, జాకీ మీద ఉన్నప్పుడు చక్కగా పడిన తలుపు కిందికి దించగానే పైమూలలో గీసుకుంటోంది.

ముందు యాక్సిల్ తీసేసి ఫోర్డ్ ముస్టాంగ్-2 కారు తరహా ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) పెట్టి, వెనక గట్టి స్ప్రింగులు వేసి, వచ్చే నెల పెయింట్‌కి ఇద్దామనుకుంటున్నాను. సరైన దారేనా?

జవాబు:

పెయింట్ మాట కాస్త పక్కన పెట్టండి. మీరు చెప్పిన మూడూ కొలతల గొడవలే, సామాన్ల గొడవలు కావు.

ముస్టాంగ్-2 సస్పెన్షన్ మంచిదే. 1974 నుంచి 1978 దాకా వచ్చిన ఆ కారు ముందు భాగాన్ని ఎన్ని హాట్ రాడ్లకు ఎక్కించారో లెక్కలేదు. కానీ దానికి క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్‌లోని అడ్డ దూలం) కోసి కొత్తగా వెల్డింగ్ చేయాలి. పైగా మీ బండికి ముందు మడ్‌గార్డులు లేకపోతే ఆ ఆర్ములన్నీ బయటికి కనబడతాయి. నా కంటికైతే అది బాగుండదు. అంత పని చేశాక కూడా వెనక కొట్టుకోవడం, తలుపు గీసుకోవడం అలాగే ఉంటాయి.

కొనేముందు ఇవి కొలిచి రాయండి. బండి సొంత చక్రాల మీద నిలబడి ఉండాలి, సీట్లు, బ్యాటరీ, పెట్రోలు అన్నీ ఉండాలి, వీలైతే మీ బరువుకు సరిపడా బస్తాలు కూడా. ముందు వైపు కాస్టర్ (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్, వెనక్కి వాలిన కోణం) ఎంత, టో (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన తేడా) ఎంత? వెనక కాయిలోవర్లు నిలువుకు ఎన్ని డిగ్రీలు వాలి ఉన్నాయి, షాక్‌లో రాడ్ ఇంకా ఎంత మిగిలింది? స్టీరింగ్ రాడ్ బండి పక్కనుంచి ముందుకూ వెనక్కీ తోసేదా, ఒక పక్కనుంచి రెండో పక్కకు అడ్డంగా తోసేదా?

ఇంకొకరు:

కింగ్ పిన్‌లు చూశారా? యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు కనిపిస్తే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమనండి. అప్పుడు లూజు పోతే అది వీల్ బేరింగుది. పోకపోతే కింగ్ పిన్‌దే. టైర్ల బ్యాలెన్సింగ్ కూడా ఒకసారి చూపించుకోండి.

మరొకరు:

స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి బిగించండి బ్రదర్, గంటలో పని అయిపోతుంది.

జవాబు:

డ్యాంపర్ ఊపును దాచిపెడుతుంది, పోగొట్టదు. అంతా సరిచేశాక మీ ఇష్టం.

ప్రశ్న వేసినవారు:

కొలిచాను. కాస్టర్ రెండు వైపులా 2 డిగ్రీలు. టో-ఇన్ 2 మి.మీ. కింగ్ పిన్‌లలో లూజు లేదు, బ్యాలెన్సింగ్ నిన్ననే చేయించాను. స్టీరింగ్ బాక్స్ ఎడమవైపు ఉంది, డ్రాగ్ లింక్ (బాక్స్ నుంచి చక్రాన్ని తోసే రాడ్) అడ్డంగా కుడి చక్రం దాకా వెళ్తుంది. ముందు పాన్‌హార్డ్ రాడ్ లేదు, కమాను ఉంది కదా అని పెట్టలేదు. వెనక కాయిలోవర్లు 42 డిగ్రీలు వాలి ఉన్నాయి. స్ప్రింగ్ మీద 26 న్యూటన్/మి.మీ. అని ఉంది. షాక్ మొత్తం ప్రయాణం 125 మి.మీ., బండి నిలబడి ఉండగానే మిగిలింది 20 లోపే. చక్రాల కింద కాటాలు పెట్టి తూచి, యాక్సిల్, చక్రాల బరువు తీసేస్తే వెనక ఒక్కో పక్కకు 210 కిలోలు పడుతోంది.

జవాబు:

ఇంత శ్రద్ధగా కొలిచి రాసినందుకు థాంక్స్. ఇప్పుడు దొంగ దొరికాడు. నిజానికి ఇద్దరు దొంగలు.

వెనక సంగతి ముందు చూద్దాం. వాలిన షాక్ రెండుసార్లు నష్టపోతుంది. చక్రం 10 మి.మీ. పైకి లేస్తే స్ప్రింగ్ అంతకంటే తక్కువ నొక్కుకుంటుంది, అది ఇచ్చే బలంలో కూడా నిలువుగా పనికొచ్చేది కొంతే. అందుకే వాలు కోణానికి కొసైన్ తీసి దాన్ని వర్గం చేయాలి. 42 డిగ్రీలకు అది 0.55. అంటే మీ 26 స్ప్రింగ్ చక్రం దగ్గర 14 లాగే పనిచేస్తోంది. 210 కిలోలంటే దాదాపు 2060 న్యూటన్లు. ఆ బరువుకు స్ప్రింగ్ తన గీతలో 106 మి.మీ. కుంగుతుంది. 125లోంచి 106 పోతే మిగిలేది 19, మీరు కొలిచింది కూడా అదే.

ఇప్పుడు అదే షాక్‌ను 18 డిగ్రీలకు నిలబెట్టండి. 26 స్ప్రింగ్ 23.5 లాగా పనిచేస్తుంది, కుంగేది 83 మి.మీ. స్ప్రింగ్ కాలర్ తిప్పి 30 మి.మీ. ప్రీలోడ్ (ముందే నొక్కి ఉంచడం) ఇస్తే 53 అవుతుంది, ప్రయాణంలో 42 శాతం. మూడో వంతు నుంచి 40 శాతం చుట్టుపక్కల ఉంటే చాలు, అటు గుంతకూ ఇటు గతుక్కూ చోటు ఉంటుంది. కొత్త స్ప్రింగ్ అక్కర్లేదు, పై బ్రాకెట్లు బయటికి జరపడమే పని. కింది బ్రాకెట్లను లోపలికి తేవద్దు. స్ప్రింగుల మధ్య దూరం తగ్గితే మలుపుల్లో బండి ఎక్కువ వాలుతుంది. బ్రాకెట్లు ముందు టాక్ (చిన్న చుక్క వెల్డింగ్) మాత్రమే వేసి, స్ప్రింగులు తీసేసి, యాక్సిల్‌ను జాకీతో కిందనుంచి పైదాకా ఎత్తి ఏదైనా తగులుతుందేమో చూసి, అప్పుడే పూర్తి వెల్డింగ్. బంప్ స్టాప్ రబ్బర్లు మర్చిపోకండి. షాక్ బోల్టుకు రెండు పక్కలా చెవులుండే బ్రాకెట్లు వాడండి, ఒక చెవికి వేలాడే బోల్టు ఎప్పటికైనా వంగుతుంది.

ముందు వైపు 2 డిగ్రీల కాస్టర్ చాలదు. ఇలాంటి యాక్సిల్‌కు 5 నుంచి 7 దాకా ఉండాలి. హెయిర్‌పిన్ పై క్లెవిస్‌ను (రాడ్ చివర మరతో బిగించే U ఆకారపు ముక్క) లోపలికి, కిందిదాన్ని బయటికి సమానంగా తిప్పితే కింగ్ పిన్ పైకొన వెనక్కి వాలుతుంది, చక్రం ఉన్నచోటే ఉంటుంది. రెండు పక్కలా ఒకే లెక్క తిప్పాలి, లేకపోతే యాక్సిల్ మెలిపడుతుంది. తిప్పాక క్లెవిస్ లోపల మర ఎంత పట్టి ఉందో చూడండి, బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు తగ్గకూడదు.

ఇక రెండో దొంగ. అడ్డ కమానుకు రెండు చివర్లా షాకిళ్లు (ఊగే చిన్న లింకులు) ఉంటాయి, వాటి మీద ఫ్రేమ్ పక్కకు ఊయల ఊగగలదు. మీ డ్రాగ్ లింక్ కూడా అడ్డంగానే ఉంది కదా. ఫ్రేమ్ కాస్త పక్కకు జరిగితే చాలు, మీరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. ముందు పాన్‌హార్డ్ రాడ్ పెట్టండి. బాక్స్ ఉన్న ఎడమవైపే ఫ్రేమ్‌కు, కుడివైపు యాక్సిల్‌కు. పొడవూ వాలూ డ్రాగ్ లింక్‌తో సమానంగా రావాలి, అప్పుడే రెండూ ఒకే వంపులో కదులుతాయి.

మరొకరు:

అడ్డుపడుతున్నందుకు సారీ. నాది ట్యూబ్ యాక్సిల్. నేనూ హెయిర్‌పిన్లు వేసుకోవచ్చా?

జవాబు:

వద్దు. బండి ఒక పక్కకు వాలినప్పుడు హెయిర్‌పిన్లు యాక్సిల్‌ను మెలిపెడతాయి. ఐ-బీమ్ కాస్త మెలిపడి సర్దుకుంటుంది, ట్యూబ్ సర్దుకోదు, ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. ట్యూబ్‌కు ఫోర్-బార్ (పక్కకు రెండేసి విడి రాడ్లు) పెట్టుకోండి.

ప్రశ్న వేసినవారు:

అర్థమైంది, చేస్తాను. మరి తలుపు సంగతి? ఈలోగా ముందు యాక్సిల్‌కూ స్టీరింగ్ ఆర్ములకూ క్రోమ్ చేయించనా?

జవాబు:

తలుపు సందులను జాకీ మీద ఎప్పుడూ సరిచేయకూడదు. ఫ్రేమ్ చక్రాల మీద ఒకలా, జాకీ మీద ఒకలా వంగుతుంది. సస్పెన్షన్ పనయ్యాక పూర్తి బరువుతో కింద నిలబెట్టి, బాడీ మౌంటు బోల్టులు వదులు చేసి, షిమ్‌లు (పలుచని రేకు ముక్కలు) ఒక్కొక్కటే వేస్తూ చూడండి. కింద వేసిన 1.5 మి.మీ. తలుపు పైమూల దగ్గర అంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. తలుపు రబ్బర్లు అతికించాకే సందు చూడాలి. రబ్బరు లేకుండా అందంగా పడిన తలుపు, పెయింట్ అయ్యాక రబ్బరు పెడితే మూసుకోదు. ఈ తప్పు నేను చేశాను, కొత్త పెయింట్ మీద మళ్లీ గ్రైండర్ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

క్రోమ్ విషయంలో జాగ్రత్త. ఆ పనిలో హైడ్రోజన్ ఉక్కులోకి చేరుతుంది. గట్టి ఉక్కు పైకి మెరుస్తూనే లోపల పెళుసైపోయి ఒక్కసారిగా విరుగుతుంది. క్రోమ్ అయిన వెంటనే 190-200 డిగ్రీల సెల్సియస్‌లో కొన్ని గంటలు కాల్చాలి. అలా కాల్చి ఇస్తామని చెప్పిన చోటే యాక్సిల్, ఆర్ములు ఇవ్వండి. కమాను పట్టీలకూ, సస్పెన్షన్ బోల్టులకూ అసలు వద్దు.

ఫ్రేమ్‌కు పౌడర్ కోటింగ్ చేయిస్తే మరలన్నిటికీ, ఎర్తింగ్ వైరు తగిలే చోట్లకూ మాస్కింగ్ చేయించండి. ఆ పూత కరెంటును పోనివ్వదు. లైట్లు వెలగడం లేదని సగం రోజు వెతికితే చివరికి కారణం అదే అవుతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి కింద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.

ప్రశ్న వేసినవారు (మూడు వారాల తర్వాత):

కాస్టర్ 6 పెట్టాను, ముందు పాన్‌హార్డ్ వేశాను, వెనక బ్రాకెట్లు జరిపాను. 90 దాకా వెళ్లాను, స్టీరింగ్ చెక్కు చెదరలేదు! వెనక కొట్టుకోవడం పోయింది. కానీ 80 దగ్గర సీటు కింద సన్నగా వణుకు మొదలైంది. ఇది కొత్తది.

జవాబు:

కొత్తది కాకపోవచ్చు. ఇంతకుముందు మీరు 60 దాటలేదు కదా. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు చూడండి. గేర్‌బాక్స్ వెనక్కి ఎన్ని డిగ్రీలు దిగుతోంది, వెనక యాక్సిల్‌లో షాఫ్ట్ తగిలే పినియన్ ముక్కు ఎన్ని డిగ్రీలు లేచింది?

ప్రశ్న వేసినవారు:

గేర్‌బాక్స్ 3 డిగ్రీలు దిగుతోంది. పినియన్ సున్నా, లెవెల్‌గా ఉంది. అలా ఉంటేనే మంచిదనుకున్నాను.

జవాబు:

రెండూ సమాంతరంగా ఉండాలి. షాఫ్ట్‌కు ఒక చివర ఉన్న కప్లింగ్ తెచ్చే వేగం తేడాను రెండోది రద్దు చేసేది అప్పుడే. ఫోర్-లింక్ పై రాడ్లు కొంచెం పొడిగిస్తే పినియన్ ముక్కు పైకి లేస్తుంది, 3 డిగ్రీలకు తెండి. షాఫ్ట్ మాత్రం రెంటితోనూ ఒకే గీతలో పడకూడదు, ఒక డిగ్రీ అయినా కోణం లేకపోతే కప్లింగ్‌లో సూది బేరింగులు ఒకేచోట నిలిచి గుంటలు పడతాయి. తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి, ప్రతి బోల్టూ మళ్లీ బిగించి చూసి, అప్పుడు విప్పి పెయింట్‌కి ఇవ్వండి.

ప్రశ్న వేసినవారు:

సరే అన్నా. పెయింట్ షాపుకి ఫోన్ చేసి వచ్చే నెల రావట్లేదని చెప్పేశాను.